ఐదు పొరల దుర్బిణి

మంచిర్యాల,
1 నవంబరు 2021, సోమవారం

కోమలత్తకు,

నేను బాగున్నాను. అన్నం బాగుంది. చలి ఇంకా ముదరలేదు. దుప్పటి ఎవరూ ఎత్తుకుపోలేదు. నువ్వు అడిగేవన్నీ ముందే చెప్పేశాను కాబట్టి ఇక అసలు సంగతి విను.

అత్తా, ఒక దుర్బిణి ఆకాశంలోకి పోతున్నది! మామూలు దుర్బిణి కాదు. మనుషులు ఇంతవరకు అంతరిక్షంలోకి పంపిన దుర్బిణులన్నిటిలోకీ పెద్దది. పేరు జేమ్స్ వెబ్. దాని అద్దం ఇరవై ఒక్క అడుగుల వెడల్పు. పద్దెనిమిది ముక్కలు చేసి బంగారు పూత పూశారు. భూమి నుంచి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరం వెళ్లి, అక్కడ ఉండి చూస్తుందట. దానికి ఎండ తగలకుండా ఐదు పొరల పరదా కూడా ఉంది. దేన్ని చూస్తుందో తెలుసా? పదమూడు వందల కోట్ల ఏళ్ల కింద బయలుదేరిన వెలుతురును! "ఆ వెల్తురు ఇంకా తొవ్వలనే ఉన్నది" అన్నారు మా సైన్సు సారు శ్యాంసుందర్. అన్నేళ్లుగా దారిలోనే! ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు.

మొదట అనుకున్న ప్రకారమైతే ఇది నేను పుట్టిన మరుసటి ఏడే ఎగరాలి. పద్నాలుగేళ్లుగా వాయిదాలు పడుతూ వచ్చింది. ఇప్పుడు డిసెంబరు 18 అని గట్టిగా చెప్పారు. నేను ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది.

"ఏందమ్మా సృజనా, మల్ల గా రాకెట్టేనా?"

"అవును మేడం. హాల్ల పెద్ద తెర మీద అందరికి చూపియ్యాలె."

"చూపిస్త. గని దాని ముచ్చటేందో పిల్లలకు నువ్వే చెప్పాలె. చెప్తవా?"

చెప్తానన్నాను అత్తా! నాలుగు వందల మంది ముందు, పదో తరగతి పిల్లను, నేను! నువ్వు రావాలి. నన్ను కన్న అవ్వ పోయిన తర్వాత నా ప్రతి స్కూలు ఫంక్షనుకూ నువ్వే వచ్చావు. దీనికి రాకుండా ఎట్లా? ఆదివారం హాస్టల్లో ఇచ్చే రెండు నిమిషాల ఫోను మస్కట్ నుంచి బాపు మాట్లాడడానికే సరిపోతుంది. అందుకని నీకు ఉత్తరమే. సేటును సెలవు ఇప్పుడే అడిగిపెట్టు.

ఆగలేకపోతున్న
నీ సృజన


సిరిసిల్ల,
11 నవంబరు 2021

కోడలు పిల్లకు కోమలత్త దీవెనలు.

నీ ఉత్తరం చేరిన రోజు మా షెడ్డులో సగం పనే అయింది. ఆ తప్పు నీదే. చీరలు మడత పెట్టుకుంటూ అందరికీ చదివి వినిపించాను. పక్కన చీరలు నేసే సాంచాలు నడుస్తుంటే ఆ మోతలో ఎవరి మాట ఎవరికి సరిగ్గా వినిపిస్తుంది? నా పక్కన మడిచే యాదవ్వకు సగమే వినిపించింది, ఆ సగాన్నే వాడకు చేరవేసింది. సాయంత్రం ఇంటికి పోతుంటే కిరాణా దుకాణం అంజన్న నన్ను ఆపాడు.

"కోమలక్కా, మీ సృజన రాకెట్ల పోతుందట గదా! మల్ల తిరిగొస్తదా?"

"ఆమె పోతలేదన్నా, దుర్బిణి పోతున్నది. ఆమె దాని ముచ్చట చెప్తది."

"అట్లనా" అని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అది చూసి మిగతావాళ్లకు నిజం చెప్పబుద్ధి కాలేదు. మన వాడలో సగం మంది నువ్వు పోతున్నావనే అనుకుంటున్నారు. వచ్చినప్పుడు నువ్వే చెప్పుకో.

బంగారు పూత సంగతి విని అందరూ నోళ్లు తెరిచారు. నాకు మాత్రం బంగారం పట్టలేదు. నువ్వు ఒక్క వాక్యంలో రాసి వదిలేశావే, ఐదు పొరల పరదా, దాని దగ్గరే నా మనసు ఆగిపోయింది. అది ఎంత పెద్దది? ఎంత పలచన? రాకెట్‌లో పట్టాలంటే మడిచే పెడతారు కదా, ఎవరు మడిచారు? మిషనా, మనుషులా? పైకి పోయాక విప్పేది ఎవరు? అక్కడ మనిషి లేడు కదా! పొరకు పొర అంటుకుంటే ఏం చేస్తారు? పందొమ్మిదేళ్లుగా మడతలు పెడుతున్నదాన్ని, ఇవన్నీ తెలియకపోతే నాకు అన్నం సహించదు. వెంటనే రాయి.

18వ తేదీ సెలవు అడిగాను. "ఏం పని?" అన్నాడు సేటు. "దుర్బిణి పని" అన్నాను. అర్థం కాక ఇచ్చేశాడు.

తలకు నూనె పెట్టుకో.

కోమలత్త


మంచిర్యాల,
25 నవంబరు 2021

అత్తా,

ముందు చెడ్డ వార్త. 18 కాదు, 22కు మార్చారు. దుర్బిణిని రాకెట్‌కు అమర్చే పనిలో బిగించి ఉన్న పట్టీ ఒకటి ఉన్నట్టుండి ఊడిందట. దాంతో దుర్బిణి మొత్తం అదిరింది. ఏమైనా చెడిపోయిందేమో అని అన్నీ మళ్లీ పరీక్ష చేస్తున్నారు. నాలుగు రోజులే కదా అనుకున్నాను. కానీ ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి మళ్లీ వెళ్లి హాలు తేదీ మార్పించుకునేసరికి చెమటలు పట్టాయి. నా పక్క మంచం గంగుబాయి లేదా, ఆదిలాబాద్ పిల్ల, ఏమన్నదో తెలుసా? "అగ బాయీ, నీ దుర్బిణి కన్న మా ఊరి బస్సు నయం. ఆలస్యమైనా వస్తది!" గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాననుకో.

ఇక నీ ప్రశ్నలు. శ్యాంసుందర్ సారును కూర్చోబెట్టి అన్నీ అడిగాను. పరదా మా వాలీబాల్ కోర్టు కంటే పెద్దది. ఒక్కో పొర మన వెంట్రుక అంత పలచన, కొన్ని ఇంకా పలచన. బట్ట కాదు, ఒక రకం ప్లాస్టిక్ కాగితం లాంటిది. పొరకూ పొరకూ మధ్య ఖాళీ ఉండాలి. ఒకవైపు నీళ్లు కాగేంత వేడి, రెండోవైపు మనం ఊహించలేనంత చలి. అత్తా, మడిచింది మనుషులే! చేతులతోనే! ఏళ్ల తరబడి మడిచి, విప్పి, మళ్లీ మడిచి నేర్చుకున్నారట. మడత కదలకుండా నూట ఏడు చోట్ల పిన్నుల్లాంటివి పెట్టారు. పైకి పోయాక అవన్నీ వాటంతట అవే ఊడాలి. ఒక్కటి ఊడకపోయినా పరదా తెరుచుకోదు. బాగు చేయడానికి పోయేవాళ్లు లేరు.

అత్తా, నువ్వు అటువంటి పరదా చిన్నది ఒకటి కుట్టి తేగలవా? నేను మాట్లాడేటప్పుడు విప్పి చూపిస్తాను.

22, బుధవారం. మరిచిపోవద్దు.

సృజన


సిరిసిల్ల,
3 డిసెంబరు 2021

సృజనా,

ఒక్కటి ఊడకపోయినా తెరుచుకోదు అని రాశావు. ఆ మాట చదివి నాలుగు రోజులైంది, ఇంకా గుండె దడగానే ఉంది. అక్కడ ఎవరో నా వంటి ఆడమనిషి మడత పెట్టి ఉంటుంది కదా! ఆమెకు రాత్రి నిద్ర ఎట్లా పడుతున్నదో!

పరదా మొదలుపెట్టాను. షెడ్డులో మిగిలిన పలచని చీర ముక్కలు సేటును అడిగి తెచ్చుకున్నాను. ఐదు రంగులు, ఐదు పొరలు, గాలిపటం ఆకారం. రెండు పక్కలా వెదురు పుల్లలు, వాటికి తాళ్లు. తాడు లాగితే ఒక్కొక్క పొర విడిపోవాలి. మొదటిసారి లాగితే ఐదూ కలిసి ముద్దలా నేల మీద పడ్డాయి. రెండోసారి మూడో పొర పిన్నుకు తట్టుకుని పర్రుమని చిరిగింది. భూమవ్వ చూస్తూ కూర్చుంది. ఆమె నాకంటే పదేళ్లు ముందు నుంచి ఈ పనిలో ఉంది.

"కోమలా, నువ్వు చీర మడిచినట్టు మడుస్తున్నవ్. చీరను మనిషి చేతుల్తోని విప్పుతది. దీన్ని విప్పెటోళ్లు లేరు. ఆఖరికి ఏది తెరుసుకోవాల్నో గది మొదలు మడువు."

అట్లా మడిచి చూస్తే ఏడోసారికి తెరుచుకుంది! భూమవ్వ, యాదవ్వ, కిష్టవ్వ, చిన్న కిష్టవ్వ అందరం ఒక్కసారే కేకపెట్టాం. మోతను మించి కేక వినిపించేసరికి, ఏమైందని సాంచాల దగ్గరి వాళ్లు పరుగెత్తి వచ్చారు. ఇప్పుడు నలుగురూ నాతో వస్తామంటున్నారు. వద్దంటే వినేవాళ్లు కాదు. 22న ఐదుగురం వస్తాం. మీ మేడంకు చెప్పి పెట్టు.

కోమలత్త


మంచిర్యాల,
15 డిసెంబరు 2021

అత్తా,

మళ్లీ మారింది. దుర్బిణికీ రాకెట్‌కూ మధ్య సంకేతాలు సరిగ్గా అందడం లేదట. 24 కంటే ముందు ఎగరదు అంటున్నారు. 24కైనా ఎగురుతుందో లేదో.

ఇప్పుడు నా పేరు సృజన కాదు. "వాయిదా". తినేటప్పుడు వాయిదా, స్నానాల దగ్గర వాయిదా. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా! ప్రిన్సిపాల్ మేడం ఏమీ అనలేదు గానీ, "హాలు అన్నిసార్లు మార్చుడు నాతోని కాదమ్మా, 24 నుంచి నేను లీవుల ఉంట" అన్నది. ఇక నేను మాట్లాడను. రాసుకున్న కాగితాలు చింపేశాను.

నువ్వు రావద్దు. నేను మళ్లీ రాసేవరకు రావద్దు. ఈ ఉత్తరం శనివారం హాస్టలు టపా సంచిలో గానీ పోదు. ఆదివారం బాపుకు కూడా చెప్పి నీకు చెప్పమంటాను.

సృజన


సిరిసిల్ల,
20 డిసెంబరు 2021, సోమవారం

సృజనా,

ఈ ఉత్తరం ముందు చేరుతుందో, నేను ముందు చేరతానో! అయినా చేయి ఆగడం లేదు. ఇవాళ పొద్దున మీ బాపు ఫోనులో మాట పంపాడు. "అక్కా, సృజన చెప్పుమన్నది. దుర్బిణికి ఇంక రెండు రోజులు ఆగాల్నట" అన్నాడు. ఆగుతాం, రెండు రోజులు ఎంతసేపు? 20కి రెండు కలిపితే 22. బుధవారం పొద్దున మొదటి బస్సు ఎక్కి కరీంనగర్‌లో మారి వస్తాం. కిష్టవ్వ సకినాలు చేస్తున్నది. చిన్న కిష్టవ్వ కొత్త చీర తీసింది. భూమవ్వ జన్మలో గోదావరి దాటలేదట, వంతెన మీద తనను లేపమంటున్నది.

పరదా పన్నెండుసార్లు మడిచి విప్పాను. పన్నెండుసార్లూ తెరుచుకుంది.

వస్తున్నా బిడ్డా!

కోమలత్త


సిరిసిల్ల,
23 డిసెంబరు 2021

సృజనకు,

మేము నిన్న చీకటి పడే వేళకు క్షేమంగా ఇల్లు చేరాం.

గేటు దగ్గర నువ్వు అన్నది కొన్ని మాటలే. "ఎవరు రమ్మన్నరు అత్తా? ఇయ్యాల లేదు, ఏం లేదు. పోండ్రి." అంతే అని లోపలికి పరుగెత్తావు. కిటికీల నిండా పిల్లలు ఉన్నారు. "దుర్బిణోళ్లు వచ్చిండ్రు" అని ఎవరో అరిస్తే నవ్వులు వినిపించాయి. మేము ఎట్లా ఉన్నామో నాకు అప్పుడు కనిపించింది. ఐదుగురం, చేతుల్లో సంచులు, టిఫిను డబ్బాలు. తలలో ఎంత దువ్వినా పోని దారపు పోగులు. చదువుకునే పిల్లవు, నీ తోటివాళ్ల ముందు మేము అట్లా దిగితే నీకు చిన్నతనం అవుతుందని నాకు ముందే తోచి ఉండాల్సింది.

పరదా మూట గేటు దగ్గరి మల్లన్నకు ఇచ్చాను. నువ్వు వద్దంటే పారేయమని చెప్పాను. పోయేటప్పుడు భూమవ్వను వంతెన మీద లేపడం మరిచాం. తిరుగు బస్సులో ఎక్కగానే ఆమె కళ్లు మూసుకుంది. వంతెన మీద కూడా కళ్లు మూసుకునే కూర్చుంది.

ఇంటికొస్తే తలుపు కింద నీ 15వ తేదీ ఉత్తరం ఉంది. రావద్దు అని రెండుసార్లు రాశావు. ముందే అంది ఉంటే బాగుండేది.

ఆరోగ్యం జాగ్రత్త.

కోమల


మంచిర్యాల,
26 డిసెంబరు 2021, ఆదివారం

మా అత్తకు,

నన్ను తిట్టు. ముందు తిట్టి, తర్వాత చదువు.

20న నువ్వు రాసిన ఉత్తరం 23న నాకు అందింది. "20కి రెండు కలిపితే 22" అన్న చోట ఆగిపోయాను. నేను బాపుకు చెప్పింది 22 మీద ఇంకో రెండు రోజులని! బాపు చెప్పిందీ తప్పు కాదు, నువ్వు విన్నదీ తప్పు కాదు. ఐదుగురు అంత దూరం సంతోషంగా వస్తే, ఎందుకొచ్చారో కూడా అడగకుండా పొమ్మన్నది నేను. అత్తా, మిమ్మల్ని చూసి సిగ్గుపడలేదు. ఒట్టు. వారం రోజులుగా "వాయిదా" అని పిలిపించుకుని, ఆ కిటికీల్లోంచి మళ్లీ ఆ నవ్వే వినేసరికి, నాకు ఎవరి మీద కోపం వచ్చిందో తెలియలేదు. ఎదురుగా నువ్వున్నావు. నువ్వు ఏమన్నా పడతావని తెలుసు కదా, అందుకే నిన్ను అన్నాను. లోపలికి పోయి మంచం కింద దూరి ఏడ్చాను. బయటికి వచ్చేసరికి మీరు లేరు.

24 కూడా వాయిదా పడింది, గాలులు బాగా లేవని. 25 అన్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ పట్టించుకోలేదు. నిన్న పొద్దున మల్లన్న నన్ను గేటు దగ్గరికి పిలిచాడు.

"గీ మూట మూడు దినాల సంది నా కుర్చీ కింద ఉన్నది. పారేయుమంటే నాకు చేతులు రాలే. తీస్కపోతవా, లేదా?"

తీసుకున్నాను. గంగుబాయి, నేను గదిలో విప్పబోతే పైన నీ చీటీ ఉంది. "ముందు కుడి తాడు. తర్వాత ఎడమ. గుంజవద్దు. తట్టుకుంటే ఆగి చూడు." గంగుబాయి అది చదివి, విప్పకుండా మూటను నా చేతిలో పెట్టింది. "గిది గదిల విప్పేది కాదు. నడువ్ హాలుకు!" అన్నది. మేడం లీవులో ఉంది. హాలు తాళం వార్డెన్ దగ్గర. గంగుబాయే పోయి అడిగింది, ఏం చెప్పిందో ఇప్పటికీ నాకు చెప్పలేదు. క్రిస్మస్ సెలవు అయినా శ్యాంసుందర్ సారు ఇంటి నుంచి తన లాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. "మీరు వొస్తరని అనుకోలే సార్" అన్నాను. "పద్నాలుగేండ్ల సంది చూస్తున్న, ఇయ్యాల ఇంట్ల కూసుంటనా?" అన్నారు.

నలభై మందే వచ్చారు అత్తా. నాలుగు వందలు కాదు. నన్ను "వాయిదా" అని మొదట పిలిచిన పిల్ల ముందు వరుసలోనే ఉంది. నేను కాగితాలు చింపేశాను కదా, చేతిలో నీ మూట తప్ప ఏమీ లేదు. కుడి తాడు లాగాను. మొదటి పొర విడిపోయింది. ఎడమది. రెండో పొర. మూడోది పిన్నుకు తట్టుకుంది. "గుంజు గుంజు" అని ఎవరో అరిచారు. నేను గుంజలేదు. ఆగి, వంగి చూసి, పిన్ను తీసి, మళ్లీ మొదటి నుంచి మడిచాను. చాలాసేపు పట్టింది. అప్పుడు నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నాకు చేతులున్నయ్, వంగి తీసిన. అక్కడ తీసెటోళ్లు లేరు. అందుకే కిందనే ఆగిండ్రు, కిందనే అన్నీ చూసుకున్నరు. ఇన్ని దినాలు నేను గిది మీకు చెప్పాల్సింది. చెప్పకుంట మీ మీద అలిగిన" అన్నాను. తర్వాత ఎంతసేపు మాట్లాడానో తెలియదు. ఐదో పొర విడిపోయేటప్పుడు ముందు వరుస పిల్ల లేచి వచ్చి తానే ఒక కొస పట్టుకుంది.

సాయంత్రం ఐదు గంటల యాభై నిమిషాలకు, అత్తా, ఎగిరింది! పొగ, నిప్పు, ఒక్కసారిగా మబ్బులోకి పోయింది. మేము అరిచిన అరుపుకు వంటమనుషులు గరిటెలతో పరుగెత్తి వచ్చారు. అరగంట కాకముందే రాకెట్ నుంచి దుర్బిణి విడిపోయింది. రాకెట్ మీది కెమెరాలో కనిపించింది, నల్లటి ఆకాశంలో మెల్లగా దూరం జరుగుతూ. ఉన్నట్టుండి దాని పక్కన సోలారు పలక తెరుచుకుని ఎండకు తళుక్కుమన్నది. శ్యాంసుందర్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. గంగుబాయి నా భుజం మీద కొట్టి, "మా ఊరి బస్సు ఓడిపాయె!" అన్నది.

ఇన్ని జరిగాయి, నువ్వు లేవు. ఆ కుర్చీలన్నిటిలో నేను చూసింది నీ చోటే. భూమవ్వకు, యాదవ్వకు, ఇద్దరు కిష్టవ్వలకు నా తరఫున చెప్పు. ఏమని చెప్పాలో నాకు రావడం లేదు, నువ్వే చూసి చెప్పు. శనివారం వరకు ఆగలేను, దీన్ని రేపే డబ్బాలో వేస్తానని మల్లన్న మాటిచ్చాడు.

తప్పు చేసిన
సృజన


సిరిసిల్ల,
30 డిసెంబరు 2021

నా బిడ్డకు,

తిట్టమన్నావు కదా. నాలుగు తిట్లు తిట్టాను, భూమవ్వ రెండు కలిపింది. అయిపోయింది. ఇక ఆ ముచ్చట వద్దు. 23న నేను రాసిన ఉత్తరం నీకు ఈపాటికి అంది ఉంటుంది, చింపేయి.

ఇప్పుడు నా సంగతి విను. 25 సాయంత్రం ఎగురుతుందని అంజన్న దుకాణం టీవీలో విన్నాను గానీ నాకు మనసు బాగా లేదు, చూడొద్దనే అనుకున్నాను. ఐదున్నర కాగానే చేతులు ఆగిపోయాయి. యాదవ్వ నా ముఖం చూసి సేటు దగ్గరికి పోయి, "సేటూ, నీ ఫోన్ల జర దుర్బిణి పెట్టు" అన్నది. "గిదేనా కోమల సెలవు వెట్టింది?" అని ఆయన చీరల కట్టల మీద ఫోను నిలబెట్టాడు. సాంచాలు కూడా కొంతసేపు ఆపారు. ఆ షెడ్డులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అక్కడ హాల్లో మీరు అరిచినప్పుడే ఇక్కడ మేమూ అరిచాం అన్నమాట! నీ మీద అలిగిన సంగతి ఆ క్షణం నాకు గుర్తుకే రాలేదు.

నువ్వు తట్టుకున్న చోట గుంజకుండా ఆగావని చదివినప్పుడు మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది నేను నేర్పింది కాదు బిడ్డా, చీటీలో రాసినంత మాత్రాన ఎవరూ ఆగరు. నలభై మంది చూస్తుండగా గుంజు అని అరుస్తుంటే ఆగడం కష్టం.

కానీ అసలు పరీక్ష ఇప్పుడే కదా! ఎగరడం అయింది, విప్పడం కాలేదు. నూట ఏడు పిన్నులు! మా షెడ్డులో ఎవరికీ నిలకడ లేదు. ఏ రోజు ఏది తెరుచుకుంటుందో రాయి. అంజన్న దుకాణంలో టీవీ వార్తలు చూస్తున్నాను గానీ వాళ్లు ఒక్క ముక్క చెప్పి సినిమా సంగతిలోకి పోతారు.

కోమలత్త


మంచిర్యాల,
2 జనవరి 2022, ఆదివారం

అత్తా, అత్తా, అత్తా!

నూట ఏడూ ఊడాయి! ఒక్కటి కూడా తట్టుకోలేదు! పరదా మీది కప్పు తొలగింది, రెండు పక్కలా కర్రల్లాంటివి చాపుకుని పరదాను బయటికి లాగాయి. ఇక మిగిలింది పొరలు ఒక్కొక్కటే బిగుతుగా లాగి, మధ్యలో ఖాళీ వచ్చేట్టు విడదీయడం.

అయితే నిన్న ఆపారు. ఇవాళ కూడా ఆగింది. దుర్బిణి తీరు ఎట్లా ఉందో అన్నీ చూసుకున్నాకే ముందుకు పోతారట. పొద్దున నోటీసు బోర్డు మీద "ఈ రోజు ఆగింది" అని నేనే రాశాను. లీవు నుంచి వచ్చిన ప్రిన్సిపాల్ మేడం అది చదివి, "ఎందుకు ఆగిందమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు ఆరో తరగతి పిల్ల ఒకతె, "తొందరపడితే చినుగుతది మేడం" అని చెప్పింది! మేడం ఇప్పుడు రోజూ ఆ బోర్డు దగ్గర ఆగుతున్నది.

నీ 23 ఉత్తరం అందింది. చింపలేదు, క్షమించు. దాచుకుంటాను. మళ్లీ ఎవరి మీదనైనా కోపం వస్తే చదువుకుంటాను.

ఇంకో సంగతి. ఇంటర్‌లో ఏం తీసుకుంటావని సారు అడిగారు. లెక్కలు, భౌతికశాస్త్రం అని చెప్పాను. అడగకుండా చెప్పేశాను, నీకు సమ్మతమేనా? ఈ ఉత్తరం కూడా రేపు మల్లన్నే డబ్బాలో వేస్తాడు.

సృజన


సిరిసిల్ల,
5 జనవరి 2022

సృజనా,

తెరుచుకుంది! నీకు ముందే తెలిసి ఉంటుంది. నాకు మాత్రం ఇవాళ పొద్దున తెలిసింది. అంజన్న దుకాణం తెరవకముందే పోయి నిలబడ్డాను. వార్తల్లో ఒక్కటే వాక్యం, "ఐదు పొరలూ విజయవంతంగా విచ్చుకున్నాయి" అని. అంజన్న చేతిలో చీపురుతో, "అంటే మన సృజన రాకెట్టు మంచిగున్నట్టేనా?" అని అడిగాడు. "మంచిగున్నట్టేనన్నా" అని షెడ్డుకు పరుగెత్తాను. ఈ వయసులో అట్లా పరుగెత్తడం చూసి వాడవాళ్లు ఎవరికో ఏదో అయిందనుకున్నారు.

చెప్పగానే చిన్న కిష్టవ్వ ఎగిరి గంతేసింది. యాదవ్వ ఏడ్చింది, ఎందుకో ఆమెకే తెలియదు. నేను మాత్రం నా ముందున్న కట్టను చూస్తూ ఉండిపోయాను. పందొమ్మిదేళ్లు బిడ్డా. రోజుకు ఎన్ని మడిచానో లెక్క పెట్టలేదు. నేను మడిచిన చీర ఒక్కటి కూడా విప్పుతుంటే నేను చూడలేదు. ఏ ఊరికి పోయిందో, ఎవరు విప్పారో, విప్పినప్పుడు ఎట్లా కనిపించిందో తెలియదు. కట్ట కట్టగానే అది నాది కాదు.

"భూమవ్వా, ఒకటి విప్పుదామా?" అన్నాను.

అప్పుడే మడిచిన ఆకుపచ్చ చీర తీశాం. భూమవ్వ ఒక కొస, నేను ఒక కొస, మధ్యలో ఆ ముగ్గురు. షెడ్డు ఈ గోడ నుంచి ఆ తలుపు దాకా పరిచి పట్టుకున్నాం. తలుపులోంచి పొద్దుటి ఎండ దాని మీద పడింది. ఎర్ర అంచు నిప్పు గీతలా మెరిసింది. ఆ చీర అంత బాగుంటుందని మాకు ఎవరికీ తెలియదు, మడిచింది మేమే అయినా!

సేటు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమైంది? ఎందుకు విప్పిండ్రు?"

"చూస్తున్నం సేటూ" అన్నది భూమవ్వ.

తిడతాడనుకున్నాం. కాసేపు నిలబడి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నేల మీదికి వేలాడుతున్న అంచును చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. అట్లా ఆరుగురం ఎంతసేపు ఉన్నామో తెలియదు. తర్వాత మళ్లీ మడిచాం. ఈసారి మెల్లగా మడిచాం.

లెక్కలు, భౌతికశాస్త్రం నాకు సమ్మతమే. నన్ను అడగాల్సిన పని లేదు, కానీ అడిగినందుకు సంతోషం. ఇక నువ్వు రాసిన పద్దెనిమిది ముక్కల అద్దం కూడా మడిచే పెట్టి ఉంటారు కదా, అదీ తెరుచుకోవాలి. అది ఎప్పుడో తేదీ రాయి. తేదీ మారితే మారనీ. మేము మాత్రం ఐదుగురం వస్తాం, ఈసారి భూమవ్వను వంతెన మీద లేపి గోదావరి చూపించాలి.

నీ
కోమలత్త